తాతల నేతికి 99 ఏళ్ల లీజు

2013 సెప్టెంబరులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ కజకిస్తాన్ రాజధాని అస్తానాకు వెళ్లి, నజర్‌బయేవ్ విశ్వవిద్యాలయంలో మైకు ముందు నిలబడి, తనకు కొండల్లో ఒంటెల గంటలు వినిపిస్తున్నట్టుందన్నాడు. ఎడారిలో లేస్తున్న పొగ కూడా కనిపిస్తున్నట్టుందన్నాడు. ఈ మాట మీరో నేనో అంటే ఇంట్లోవాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు. అన్నవాడు ప్రపంచంలో రెండో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థకు పెద్ద కాబట్టి అది విదేశాంగ విధానమైంది. మరుసటి నెల జకార్తాలో, ఇండొనేసియా పార్లమెంటు ఎదుట, సముద్రం వంతు వచ్చింది. నేల మీద ఒక పట్టు దారి, నీళ్ల మీద ఒక పట్టు దారి, రెండింటికీ కలిపి ‘బెల్ట్ అండ్ రోడ్’ అని బోర్డు. పదేళ్లు తిరిగేసరికి 150కి పైగా దేశాలు సంతకాలు పెట్టాయి. పంచిన అప్పు లక్ష కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటుందని లెక్కలు వేసేవాళ్లు వేస్తున్నారు.

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే మన ఊళ్లల్లో నవ్విపోతారు. బీజింగ్‌లో మాత్రం దానికి బ్యాంకులు, ఏడాది పొడవునా సదస్సులు ఉన్నాయి. ఇంకో మెలిక కూడా ఉంది. వాసన చూసినందుకు వడ్డీ కట్టాలి.

అసలు ఆ నెయ్యి ఎవరిదో చూద్దాం. పట్టు దారి అన్న పేరును 1877లో వ్యాప్తిలోకి తెచ్చినవాడు ఫెర్డినాండ్ ఫాన్ రిష్ట్‌హోఫెన్ అనే జర్మన్ భూగోళ శాస్త్రవేత్త. ఆయన చైనాలో తిరిగింది 1868 నుంచి 1872 దాకా. కవిత్వం కోసం కాదు. బొగ్గు ఎక్కడుంది, రైలు పట్టాలు ఎటు వేయొచ్చు, రేవు ఎక్కడ బాగుంటుంది అని చూడటానికి. షాన్‌డాంగ్ బొగ్గు గనులనూ, జియావోజౌ అఖాతాన్నీ మెచ్చుకుంటూ రాశాడు. జర్మన్ నౌకాదళం 1897లో అక్కడికే వచ్చి దిగింది. మరుసటి ఏడాది చైనా చేత కాగితం మీద సంతకం చేయించుకుంది. ఆ కాగితం ఎన్నేళ్ల లీజో గుర్తుంచుకోండి: 99. దీని సంగతి మళ్లీ వస్తుంది.

ఇక ఈ కథకు నాయకులు. మొదటివాడు ఝాంగ్ ఛియాన్. అస్తానా ప్రసంగంలో ఈయన్ను శాంతి దూతగా తలుచుకున్నారు. క్రీస్తు పూర్వం 138లో హాన్ చక్రవర్తి వూ ఈయన్ను పడమరకు పంపింది వ్యాపారానికి కాదు. షియాంగ్ను తెగల మీద యుద్ధానికి తోడు ఎవరైనా దొరుకుతారేమో చూసి రమ్మని. దారిలోనే పట్టుబడి పదేళ్లు బందీగా ఉన్నాడు, అక్కడే పెళ్లీ చేసుకున్నాడు. తోడు దొరకలేదు గానీ, ఫెర్గానా లోయలో గుర్రాలు బ్రహ్మాండంగా ఉన్నాయన్న కబురు తెచ్చాడు. గుర్రాలు అమ్మమన్నారు, వాళ్లు అమ్మమన్నారు. అప్పుడు చక్రవర్తి సైన్యాన్ని పంపాడు. ఒకసారి ఓడిపోతే రెండోసారి ఇంకా పెద్ద సైన్యం. ఉభయులకూ లాభం అన్న మాట అప్పటికి పుట్టలేదు.

రెండో నాయకుడు ఇంకా ఘనుడు. ఝెంగ్ హే. మింగ్ చక్రవర్తుల నౌకాధిపతి, 1405 నుంచి 1433 మధ్య ఏడుసార్లు సముద్రయానాలు చేశాడు. చైనా ప్రచారంలో ఈయన ఒక్క అడుగు నేల కూడా ఆక్రమించని మహానుభావుడు. పాఠం బాగానే ఉంది. శ్రీలంక వాళ్లకు చెప్పేటప్పుడు మాత్రం కొంచెం గొంతు తగ్గించాలి.

ఎందుకంటే ఝెంగ్ హే లంకకు ఒక శిలాశాసనం తెచ్చాడు. 1409 నాటిది. మూడు భాషల్లో ఉంటుంది: చైనీస్, తమిళం, పారశీకం. చైనీస్‌లో బుద్ధుడికి మొక్కు, తమిళంలో విష్ణువుకు మొక్కు, పారశీకంలో అల్లాకు మొక్కు. ముగ్గురికీ బంగారం, వెండి, పట్టు, సుగంధ తైలం దాదాపు సమానంగా చదివించుకున్నారు. సర్వమత సమభావం అంటే అదీ. మన దగ్గర ఎన్నికల సీజన్లో ఒకే రోజు గుడి, దర్గా, చర్చి తిరిగొచ్చే అభ్యర్థులు ఆ శాసనానికి పాదాభివందనం చేయాలి. అదే యాత్రలో ఝెంగ్ హే సైన్యం లంక పాలకుడు అలకేశ్వరుణ్ని కుటుంబంతో సహా పట్టుకుని, 1411లో చక్రవర్తి ముందు నిలబెట్టింది. చక్రవర్తి దయదలిచి వదిలేశాడు. కానీ లంక సింహాసనం మీద ఇంకొకరు కూర్చోవాలని కూడా తేల్చాడు. ముందు కానుక, వెనక సైన్యం, ఆ వెనక కొత్త ప్రభుత్వం. పాత దారిని పునరుద్ధరిస్తున్నామంటే నమ్మక ఏం చేస్తాం, వరస కూడా అదే కదా.

ఆ శాసనం తర్వాత ఏమైందో తెలుసా? 1911లో గాలే పట్టణంలో ఒక కల్వర్టు దగ్గర దొరికింది. మహాచైనా మైత్రీ స్తంభం ఐదు వందల ఏళ్లు గడిచేసరికి మురుగు కాలువకు పనికొచ్చింది. ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది.

ఇంకో సంగతి ప్రచార పత్రాల్లో కనబడదు. ఆ సముద్రపు దారిని మూసింది పోర్చుగీసువాళ్లు కాదు, చైనా దర్బారే. 1433 తర్వాత ఈ ఓడలు, యాత్రలు దండగమారి ఖర్చని పండిత మంత్రులు తేల్చారు. ఇంత ఖర్చుకూ చేతికొచ్చింది ఏమిటయ్యా అంటే, బెంగాల్ సుల్తాను పంపిన ఒక జిరాఫీ. దాన్ని దివ్యమృగమని దర్బారులో ఊరేగించి బొమ్మ గీయించారు. అంత నికరమైన ఆడిట్ ఈ పదేళ్లలో బీజింగ్‌లో ఎవరూ చేసినట్టు లేరు.

మరి అసలు పాత దారి ఎలా ఉండేది? దానికి యజమాని లేడు. ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచినవాడు దాదాపు లేడు. సరుకు చేతులు మారేది: మధ్య ఆసియా సోగ్డియన్ వర్తకుడి నుంచి పారశీకుడికి, పారశీకుడి నుంచి సిరియా వాడికి. పట్టు ఎవరిదో రోములో తెలియదు, గాజు ఎవరిదో చైనా రాజధాని చాంగాన్‌లో తెలియదు. బౌద్ధం ఆ దారినే చైనాకు నడిచి వెళ్లింది, ఎవరి గ్యారంటీ సంతకమూ లేకుండా. ఎవరి సొంతమూ కాదు కాబట్టే వెయ్యేళ్లకు మించి బతికింది.

ఆ దారి మీద కాష్గర్, తుర్ఫాన్ వంటి ఒయాసిస్ పట్టణాలుండేవి. ఇప్పుడూ ఉన్నాయి, షింజియాంగ్‌లో. అక్కడి ఉయ్‌గుర్లు ఆ దారికి నిజమైన వారసులు. 2017 నుంచి వాళ్లలో లక్షలమందిని ‘వృత్తి శిక్షణ’ పేరుతో శిబిరాల్లో పెట్టారు. అక్కడ జరిగినవి మానవత్వంపై నేరాల కిందికి రావచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2022లో నివేదిక ఇచ్చింది. అస్తానాలో కూర్చుని ఒంటె మెడలో గంట విన్నవాడికి, సొంత దేశంలో ఆ ఒంటెను తోలినవాడి మనవడి గొంతు వినపడదు. వారసత్వం కావాలి, వారసులు వద్దు.

సరే, ఇక పునరుద్ధరణ. మళ్లీ లంకకే వెళ్దాం. అప్పటి లంక అధ్యక్షుడు మహింద రాజపక్ష సొంత జిల్లా హంబన్‌టోట. అక్కడ రేవు పని 2008లో మొదలైంది. జిన్‌పింగ్‌కు ఒంటెల గంటలు వినిపించడానికి ఐదేళ్ల ముందే. అయినా దాన్ని తర్వాత బెల్ట్ అండ్ రోడ్ ఆల్బంలో అతికించేశారు; పిల్లాడు పుట్టాక శుభలేఖ వేయించినట్టు. మొదటి దశకు చైనా ఎగ్జిమ్ బ్యాంకు అప్పు 30.7 కోట్ల డాలర్లు, వడ్డీ 6.3 శాతం. 2010లో ప్రారంభోత్సవం. ఆ తీరానికి దగ్గర్లోనే ఏటా వేలాది ఓడలు తూర్పుకూ పడమరకూ పోతుంటాయి. 2012లో వాటిలో హంబన్‌టోట వైపు తిరిగినవి 34.

రేవు ఒక్కటే ఏం బాగుంటుందని పక్కనే అంతర్జాతీయ విమానాశ్రయం కట్టారు, మత్తల దగ్గర. అదీ ఎక్కువగా చైనా అప్పుతోనే. విమానాలు రాలేదు. గిడ్డంగి ఖాళీగా ఉందని ధాన్యం బస్తాలు పెట్టారు. 2016లో రన్‌వే చుట్టుపక్కల ఏనుగులు, జింకలు, దున్నలు చేరితే తోలడానికి వందలమంది పోలీసుల్ని, సైనికుల్ని పంపారు. అంతర్జాతీయం కాకపోయినా అభయారణ్యం అయింది. రేవుకు రాజపక్ష పేరు, విమానాశ్రయానికి రాజపక్ష పేరు, ఆ జిల్లాలోనే కట్టిన క్రికెట్ స్టేడియానికీ రాజపక్ష పేరు. పథకానికో పేరు, ప్రభుత్వం మారగానే మళ్లీ ఇంకో పేరు చూసి చూసి ఆరితేరిన తెలుగువాళ్లకు ఇందులో కొత్తేం లేదు. ఒక్క తేడా, మనవాళ్లు పేరు పెట్టేది మన డబ్బుతో కట్టినవాటికే. రాజపక్ష అది కూడా దిగుమతి చేసుకున్నాడు.

2017లో ఆ రేవును చైనా మర్చంట్స్ కంపెనీకి అప్పగించారు. 112 కోట్ల డాలర్లకు. ఎన్నేళ్లకు? 99.

ఇప్పుడు రిష్ట్‌హోఫెన్ గారి అఖాతాన్ని గుర్తు చేసుకోండి. 1898లో జర్మనీ జియావోజౌను తీసుకున్నది 99 ఏళ్లకు. అదే ఏడాది బ్రిటన్ హాంకాంగ్‌ను ఆనుకుని ఉన్న న్యూ టెరిటరీస్ తీసుకున్నదీ 99 ఏళ్లకే. చైనా పాఠ్యపుస్తకాల్లో ఆ కాలానికి పేరు అవమానాల శతాబ్దం. ప్రతి పిల్లవాడూ దాన్ని చదివి పళ్లు కొరుకుతాడు. ఆ పిల్లల్లో కొందరు పెద్దయి బ్యాంకుల్లో, షిప్పింగ్ కంపెనీల్లో చేరారు. చదివిన చదువు వృథా పోలేదు. అవమానాన్ని కూడా ఎగుమతి సరుకు చేయగలగడం మామూలు పారిశ్రామిక సామర్థ్యం కాదు.

రేవు ఇచ్చేశారు కదా, అప్పు తీరిందా? తీరలేదు. వచ్చిన డాలర్లు ఖజానాలోకి పోయాయి, ఇంకెవరికో కట్టాల్సిన బాకీలు కట్టుకోవడానికి. రేవు కట్టిన అప్పు రేవు కట్టిన అప్పుగానే ఉండిపోయింది. 2022 ఏప్రిల్లో లంక ఇక కట్టలేనని చేతులెత్తేసింది. ఇక్కడ చైనా మీద మరీ ఎక్కువ వేయడం కూడా న్యాయం కాదు. లంక అప్పుల్లో పెద్ద ముక్క చైనాది కాదు, అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లది. కొన్నవాళ్లలో ఎక్కువమంది కోటు, టై కట్టుకున్న పెద్దమనుషులు. ఆ బాండ్ల వడ్డీ హంబన్‌టోట వడ్డీ కంటే తక్కువేం కాదు. రాజపక్ష చేత ఎవరూ చెయ్యి పట్టుకుని సంతకం పెట్టించలేదు. ఆ రేవును మొదట భారత్‌కే ఇవ్వజూపానని ఆయనే చెప్పుకున్నాడు. అప్పు చేసి పప్పు కూడు తినే నాయకుడు దొరకనిదే ఏ పట్టు దారీ ఒక్క కిలోమీటరు ముందుకు పోదు.

కెన్యా కథ చూడండి. చైనా అప్పుతో వేసిన రైలు 2017లో మొంబాసా నుంచి నైరోబీ చేరింది, 2019లో నైవాషా దాకా వెళ్లింది. ఉగాండా వెళ్లాల్సింది అక్కడ ఆగిపోయింది, ఎందుకంటే బీజింగ్ చెక్కు అక్కడ ఆగిపోయింది. బ్రిటిష్ వాళ్లు మన దేశం నుంచి కూలీలను పట్టుకెళ్లి వేయించిన పాత రైలు 1901కల్లా విక్టోరియా సరస్సు చేరింది. దాన్ని పిచ్చోళ్ల రైలు అని వెక్కిరించేవారు. పిచ్చోళ్లు సరస్సు చూశారు, తెలివైనవాళ్లు కొన్నేళ్లపాటు నైవాషా చూశారు. మాంటెనెగ్రోలో 41 కిలోమీటర్ల రోడ్డుకు 94 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు. సెర్బియా దాకా వెళ్లాల్సిన దారిలో అది ఒక ముక్క. నేపాల్లో పొఖరా విమానాశ్రయం 2023 జనవరి 1న తెరిచారు. అది బెల్ట్ అండ్ రోడ్ పథకమేనని చైనా రాయబార కార్యాలయం ప్రకటిస్తే, కాదు మొర్రో అని నేపాల్ అంది. లావోస్‌లో మాత్రం 2021 నుంచి రైలు శుభ్రంగా నడుస్తోంది, జనం ఎక్కుతున్నారు. ఆ సంగతి దాచను. అదే ఏడాది ఆ దేశపు హైవోల్టేజి కరెంటు లైన్ల నిర్వహణ చైనా కంపెనీకి ఎక్కువ వాటా ఉన్న సంస్థకు వెళ్లింది. అదీ దాచను.

ఇవన్నీ ఏ షరతుల మీద అని అడగకండి. 2021లో పరిశోధకులు కష్టపడి వంద చైనా అప్పు ఒప్పందాలు సంపాదించి చదివారు. షరతులు బయటపెట్టకూడదు అన్న షరతు వాటిలో విరివిగా ఉంది. 2014 తర్వాతి వాటిలో అన్నిట్లోనూ ఉంది. తీర్చేవాడు మూడు తరాల తర్వాతి మనవడు. వాడికి కూడా చూపించకూడదు.

పట్టు దారి అంటున్నారు కదా, ఇంతకూ పట్టు ఎక్కడ? 2017 జనవరిలో యీవూ నుంచి లండన్‌కు తొలి సరుకు రైలు 12,000 కిలోమీటర్లు నడిచి, 18 రోజులకు చేరింది. తెచ్చినవి బట్టలు, సంచులు, ఇంటి సామాను. మొత్తం 34 పెట్టెలు. ఒక పెద్ద ఓడ ఒక్క ట్రిప్పులో అలాంటి పెట్టెలు వేలకు వేలు మోస్తుంది. దారిలో రెండు చోట్ల గేజ్ మారుతుంది కాబట్టి పెట్టెల్ని దింపి ఎక్కించాలి. ఈ రైళ్లు నడవడానికి చైనా స్థానిక ప్రభుత్వాలు సబ్సిడీ ఇస్తూ వచ్చాయి. కజకిస్తాన్ సరిహద్దులో ఖోర్గోస్ అని ఒక డ్రై పోర్టు కట్టారు. యూరేషియా ఖండంలో సముద్రానికి అన్నిటికంటే దూరంగా ఉన్న బిందువు ఆ చుట్టుపక్కలే ఉంది. రేవు కట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు, తుపాను భయం ఉండదు.

ఇటలీ 2019లో చేరింది. మార్కో పోలో పుట్టిన దేశం, రాకపోతే బాగుండదు. సిసిలీ కమలాపళ్లు విమానంలో చైనాకు వెళ్లాయని నాయకులు మురిసిపోయారు. చైనా సరుకు ఇటలీకి ఓడల్లో వచ్చింది. లెక్క చూసుకుని 2023 డిసెంబరులో ఇటలీ బయటికొచ్చింది. ఏడు వందల ఏళ్ల తర్వాతైనా వెనిస్ కుర్రాడి దేశానికి బేరం అర్థమైంది.

ఈ పెద్దవాళ్ల బాధ పిల్లలకెందుకని అనుకోకండి. 2017లో ‘చైనా డైలీ’ వీడియోలు తీసింది. ఒక తండ్రి కూతురికి నిద్రపుచ్చే కథగా బెల్ట్ అండ్ రోడ్ చెప్తాడు. ఇంకెవరో తీసిన వీడియోలో రకరకాల దేశాల పిల్లలు దాన్ని పాటగా పాడతారు. మన పిల్లలకు ఏడు చేపల కథ చెప్పే అమ్మమ్మలు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఎండని చేపతో మొదలుపెట్టి గడ్డిమోపు, ఆవు, పాలేరు, ముసలమ్మ వరసన అడుగుతూ పోతే చీమ దగ్గర నిజం తేలుతుంది. వీళ్ల కథలో చీమ కూడా గోప్యతా ఒప్పందం మీద సంతకం చేసి ఉంటుంది.

ఇదంతా చదివి అమెరికా, ఐరోపా తమ మొహాలు కడిగేసుకున్నట్టు నవ్వనక్కర్లేదు. సూయజ్ కాలువ కంపెనీకి ఈజిప్ట్ ఇచ్చిన హక్కు ఎన్నేళ్లది? కాలువ తెరిచిన రోజు నుంచి 99. అప్పుల్లో మునిగి ఆ దేశపు పాలకుడు ఖేదివ్ ఇస్మాయిల్ తన వాటాల్ని 1875లో బ్రిటన్‌కు సుమారు 40 లక్షల పౌండ్లకు అమ్ముకున్నాడు. 1882లో బ్రిటిష్ సైన్యం వచ్చి దిగింది. ఆ వంశం వాళ్లు ఇవాళ అప్పుల ఉచ్చు గురించి ఉపన్యాసాలిస్తుంటే, కలెక్షన్ ఏజెంటుకు గురువు దొరికినట్టే. కొత్త పట్టు దారి అన్న మాటను 2011లోనే అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ చెన్నైలో చెప్పింది, అఫ్గానిస్తాన్ మీదుగా. ఆ దారి సంగతి తాలిబన్లను అడగండి. జీ7 దేశాలు తమ పోటీ పథకానికి 2021లో ఒక పేరు పెట్టి, మరుసటి ఏడాది ఇంకో పేరు పెట్టాయి.

మనం? మనం తక్కువ తిన్నామా? 2014లో సంస్కృతి శాఖ ‘మౌసమ్’ ప్రాజెక్టు పెట్టింది, హిందూ మహాసముద్రపు పాత బంధాల్ని గుర్తు చేసుకోవడానికి. 2017లో బీజింగ్‌లో జరిగిన బెల్ట్ అండ్ రోడ్ సదస్సుకు మనం వెళ్లలేదు. చైనా-పాకిస్తాన్ కారిడార్ గిల్గిత్-బాల్టిస్తాన్ మీదుగా పోతోంది కాబట్టి అది న్యాయమైన కోపమే. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20లో ఇండియా నుంచి గల్ఫ్ మీదుగా హైఫా, అక్కడి నుంచి ఐరోపా అని ఒక కారిడార్ ప్రకటించారు. నెల తిరక్కుండా గాజా యుద్ధం మొదలైంది. అయినా దాన్ని మసాలా దారి అని పిలిచేవాళ్లు పిలుస్తూనే ఉన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మణిపూర్ మోరే నుంచి మయన్మార్ మీదుగా థాయ్‌లాండ్ వెళ్లే రహదారి గురించి రెండు దశాబ్దాలుగా మాట్లాడుతున్నాం, అది ఇంకా పూర్తి కాలేదు. 2025లో మాత్రం అజంతా చిత్రాన్ని చూసి కొబ్బరి తాళ్లతో కుట్టిన ఓడను నౌకాదళంలో చేర్చుకున్నాం. చాలా బాగుంది. కనీసం దాని మీద ఎవరికీ వడ్డీ కట్టక్కర్లేదు.

చరిత్రనే విదేశాంగ విధానం చేసుకోవాలని అంత ముచ్చటగా ఉంటే, మా దగ్గర ఒక ముక్క ఉంది. చైనా నుంచి సముద్రం మీద తిరుగు ప్రయాణం కట్టిన మార్కో పోలో తన గ్రంథంలో ముత్ఫిలి అని ఒక రాజ్యం గురించి రాశాడు. రాణి ఏలుబడి, వజ్రాలు, సాలెగూడంత సన్నని బట్టలు. అది ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లి. అక్కడ 1244లో కాకతీయ గణపతిదేవుడు రాతి స్తంభం మీద ఒక అభయశాసనం చెక్కించాడు. అంతకు ముందు రాజులకు ఒక అలవాటుండేది. తుపానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏమున్నా లాక్కునేవారు. ఇకమీదట అది ఉండదు, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము అని గణపతిదేవుడు మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు. రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో అదే ఊళ్లో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు.

మునిగిన వాడి సరుకు ముట్టుకోకూడదు, వసూలు ఎంతో ముందే చెప్పాలి, చెప్పింది అందరూ చదివే చోట పెట్టాలి. పాత దారుల్ని లేపుతామని తిరిగే దేశాలన్నీ, మనదీ కలుపుకుని, తమ ఒప్పందాల మొదటి పేజీలో ఈ మూడు షరతులు రాసి చూపించమనండి. రాసిన రోజు ఒంటెల గంటలు నాకూ వినిపిస్తాయని ఒప్పుకుంటాను. అప్పటిదాకా హంబన్‌టోట లీజు నడుస్తుంది. అది ముగిసేది 2116లో.